ముప్పై దాటాక మెడిసిన్: అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక దారి

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఉదయం అమెరికా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. మామూలుగా వాళ్లమ్మతోనే ఎక్కువసేపు మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం "నాన్నకివ్వు" అందట. ఫోన్ తీసుకోగానే "నాన్నా, ఉద్యోగం మానేసి డాక్టరు చదవాలనుకుంటున్నాను" అంది. అప్పటికి తనకు 31 ఏళ్లు. ఇక్కడ బీటెక్, అక్కడ ఎంఎస్, ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మూడేళ్ల పాప. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "ఈ వయసులోనా?"

అనకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది. పదో తరగతి అయ్యాక తను బైపీసీ అంటే, లెక్కల్లో మార్కులు బాగా వస్తున్నాయి కదా అని ఎంపీసీలో చేర్పించింది నేనే. మన ఇళ్లలో ఇది కొత్త కథేమీ కాదు. పదిహేనేళ్ల వయసులో ఒక ఫారం మీద రాసిన మూడక్షరాలు మిగతా జీవితాన్నంతా తేల్చేస్తాయని మనమూ నమ్మాం, పిల్లల్నీ నమ్మించాం.

ఆ తర్వాత కొన్ని నెలలు తనూ నేనూ కలిసి ఈ విషయం మీద చాలా చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. ఈ సంగతి విని మన బ్యాంకు మిత్రులు ముగ్గురు నలుగురు ఫోన్ చేసి, తమ పిల్లలు కూడా ఇలాంటి మాటే అంటున్నారని చెప్పారు. అందరికీ ఒకేసారి ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను. మాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెప్పాలంటే, అక్కడ వయసు అడ్డం కాదు. వీసా, మార్కుల పత్రం, డబ్బు అనే మూడే అడ్డం. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాక కాదు, ఇవ్వకముందే ఈ మూడూ చూసుకోవాలి.

అక్కడ మెడిసిన్ డిగ్రీ తర్వాతే

మన దగ్గర ఇంటర్ బైపీసీ కాగానే నీట్, ఆ తర్వాత ఎంబీబీఎస్. అమెరికాలో అలా కాదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. ఆ తర్వాతే నాలుగేళ్ల మెడికల్ కాలేజీ. డిగ్రీలో ఏ సబ్జెక్టయినా ఫర్వాలేదు. చరిత్ర చదివినా, సంగీతం చదివినా, ఇంజనీరింగ్ చదివినా మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే కొన్ని సైన్సు పేపర్లు తప్పనిసరిగా చదివి ఉండాలి. సాధారణంగా జీవశాస్త్రం ఏడాది, జనరల్ కెమిస్ట్రీ ఏడాది, ఆర్గానిక్ కెమిస్ట్రీ ఏడాది, భౌతికశాస్త్రం ఏడాది, అన్నీ ల్యాబుతో సహా. వీటితోపాటు బయోకెమిస్ట్రీ. చాలా కాలేజీలు ఇంగ్లిషు, స్టాటిస్టిక్స్, మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం కూడా చదివి ఉండమంటాయి.

డిగ్రీ రోజుల్లో ఈ పేపర్లు చదవనివాళ్లు, తర్వాత ఎప్పుడో మనసు మారినవాళ్లు, వీటిని డిగ్రీ అయ్యాక చదువుకునే ఏర్పాటునే పోస్ట్‌బాక్ ప్రీమెడ్ అంటారు. అంటే డిగ్రీకీ మెడికల్ కాలేజీకీ మధ్య వేసిన వంతెన. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం 1955 నుంచీ ఈ ప్రోగ్రాము నడుపుతోంది. ఇలా వేరే వృత్తుల నుంచి వచ్చేవాళ్లు అక్కడ వింతేమీ కాదు. మెడికల్ కాలేజీలో చేరేవాళ్ల సగటు వయసే 24 దగ్గర ఉంటుంది. సగానికి పైగా విద్యార్థులు డిగ్రీ అయ్యాక కనీసం ఒక ఏడాది ఆగి చేరినవాళ్లే. ముప్పైల్లో చేరేవాళ్లు తక్కువే గానీ ప్రతి తరగతిలోనూ కొందరు ఉంటారు. ప్రభుత్వ సాయం తీసుకునే విద్యాసంస్థలు వయసును బట్టి వివక్ష చూపకూడదని 1975 నాటి ఫెడరల్ చట్టం కూడా ఉంది.

మొదటి ప్రశ్న: ఏ హోదాలో ఉన్నారు?

మన తెలుగువాళ్ల విషయంలో అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. చాలామంది చివరిదాకా అడగరు. అమెరికా మెడికల్ కాలేజీల్లో ఎక్కువ భాగం ఆ దేశ పౌరులనూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనూ మాత్రమే తీసుకుంటాయి. హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లు, హెచ్-4 మీద భార్యగానో భర్తగానో ఉన్నవాళ్లు ఎన్నేళ్లుగా అక్కడ పన్నులు కడుతున్నా, కాలేజీల దృష్టిలో విదేశీ విద్యార్థులే. విదేశీయులను తీసుకునే కాలేజీలు కొద్దిగా ఉన్నాయి. వాటిలో కొన్ని ఏడాది ఫీజో, నాలుగేళ్ల ఫీజో ముందుగానే ఒక ఖాతాలో జమ చేయమంటాయి. ఫెడరల్ ప్రభుత్వ విద్యారుణం కూడా వీళ్లకు రాదు.

మన దేశంలో పుట్టినవాళ్లకు ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు రావడానికి ఎన్నేళ్లు పడుతోందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇంకా ఆ వరుసలో ఉన్న పిల్లలు పేపర్లు చదవడం మొదలుపెట్టేముందు, తాము పెట్టదలచిన కాలేజీలు తమ హోదాలో ఉన్నవాళ్లను తీసుకుంటాయా లేదా అని ఒక్కొక్క కాలేజీనీ అడిగి చూసుకోవాలి. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం నడిపే ఎంఎస్ఏఆర్ అనే సమాచార దర్శినిలో ప్రతి కాలేజీ నిబంధనలూ ఉంటాయి. కొద్దిపాటి చందా కట్టాలి. ఆ డబ్బు వృథా కాదు.

మా అల్లుడు అక్కడే పుట్టి పెరిగినవాడు. అందువల్ల మా అమ్మాయికి గ్రీన్ కార్డు ఉంది. అది లేకపోయి ఉంటే ఈ వ్యాసం మరోలా ఉండేది.

రెండో ప్రశ్న: మన డిగ్రీని లెక్కలోకి తీసుకుంటారా?

"బీటెక్ మొదటి సంవత్సరంలో కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివింది కదా, మళ్లీ ఎందుకు?" అని మొదట్లో నేనూ అడిగాను. జవాబేమిటంటే, మన విశ్వవిద్యాలయాల పేపర్లను అక్కడి మెడికల్ కాలేజీలు చాలావరకు తప్పనిసరి పేపర్ల కింద ఒప్పుకోవు. ఎండీ కాలేజీలకు ఉమ్మడిగా దరఖాస్తు తీసుకునే ఏఎంసీఏఎస్ అనే వ్యవస్థ, మన దేశంలో వచ్చిన గ్రేడ్లను జీపీఏ లెక్కలో కలపదు. కొన్ని కాలేజీలు అమెరికాలో కనీసం ఒకటి రెండేళ్ల డిగ్రీ స్థాయి చదువు ఉండాలంటాయి. మరికొన్ని అమెరికా లేదా కెనడా డిగ్రీయే కావాలంటాయి. అక్కడ చేసిన ఎంఎస్ ఉంది కదా అంటే, దాని గ్రేడ్లను వేరే వరుసలో చూపిస్తారు. డిగ్రీ స్థాయి జీపీఏలో అవి కలవవు.

దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది, ఒక మేలూ ఉంది. మేలు ఏమిటంటే, బీటెక్‌లో బ్యాక్‌లాగులున్నా వాటి గ్రేడ్లు అక్కడి జీపీఏలోకి రావు. ఇబ్బంది ఏమిటంటే, అమెరికాలో చదివే ఆ పది పన్నెండు పేపర్ల మీదే జీపీఏ అంతా నిలబడుతుంది. అక్కడ పుట్టి నాలుగేళ్ల డిగ్రీ చదివిన పిల్లకు ఒక పేపర్లో బి వస్తే నలభై పేపర్లలో అది ఒకటి. మన పిల్లకు వస్తే పదింట్లో ఒకటి. ఒకసారి వచ్చిన గ్రేడు చెరిగిపోదు కూడా. అదే పేపరు మళ్లీ రాసి ఎ తెచ్చుకున్నా, పాతదీ కొత్తదీ రెండూ లెక్కలోకి వస్తాయి.

మా అమ్మాయి ఇక్కడే దెబ్బ తింది. పూర్తి ఉద్యోగం చేస్తూనే మొదటి సెమిస్టరులో జనరల్ కెమిస్ట్రీ, బయాలజీ రెండూ తీసుకుంది. ఒకదాంట్లో బి, రెండోదాంట్లో బి మైనస్ వచ్చాయి. "ఇంజనీరింగ్ చదివినదాన్ని, ఇదెంత" అనుకున్నానని తనే చెప్పింది. రెండో సెమిస్టరులో ఒక్క పేపరే తీసుకుంది, ఎ వచ్చింది. ఆ తర్వాతే ఉద్యోగంలో పని గంటలు తగ్గించుకుంది. ఉద్యోగంతోపాటు ఈ చదువు మొదలుపెట్టే పిల్లలకు తను చెప్పే సలహా ఒకటే: మొదట ఒక్క పేపరు.

పోస్ట్‌బాక్‌లో రకాలు

వీటిని ఒకే పేరుతో పిలుస్తారు గానీ అవసరాలు వేరు. తెలియక తప్పు రకంలో చేరితే డబ్బూ కాలమూ రెండూ పోతాయి.

మొదటిది, వృత్తి మార్చుకునేవాళ్ల కోసం. సైన్సు పేపర్లు అసలు చదవనివాళ్లకు మొదటి నుంచీ చెబుతారు. బ్రిన్ మార్, గౌచర్, స్క్రిప్స్ కాలేజీలు, జాన్స్ హాప్కిన్స్, కొలంబియా విశ్వవిద్యాలయాలు ఇందులో పేరున్నవి. కొన్ని సుమారు ఏడాదిలో ముగించేలా గట్టిగా నడుస్తాయి. ఆ ఏడాది వేరే పని పెట్టుకోకూడదు. హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూలులో సాయంత్రం తరగతులుంటాయి కాబట్టి ఉద్యోగస్థులకు వీలు. మన డిగ్రీ ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టేముందు, విదేశీ డిగ్రీని ఒప్పుకుంటారో లేదో ప్రోగ్రాము కార్యాలయానికి రాసి కనుక్కోవాలి. కొన్ని ఒప్పుకోవు.

రెండోది, తప్పనిసరి పేపర్లు చదివి తక్కువ గ్రేడ్లు తెచ్చుకున్నవాళ్లకు. పై స్థాయి సైన్సు పేపర్లు చదివి తాము మెరుగయ్యామని చూపించుకుంటారు.

మూడోది స్పెషల్ మాస్టర్స్. మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరపు పాఠాల్లాంటివే ఉంటాయి. ఇక్కడ బాగా చదివితే పాత లోటు కొంత పూడుతుంది. సరిగా చదవకపోతే మాత్రం ఇంక సర్దుకోవడం కష్టం. ఖర్చు కూడా ఎక్కువ. ఇంజనీరింగ్ నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు ఇది కాదు.

నాలుగోది, ఏ ప్రోగ్రాములోనూ చేరకుండా దగ్గర్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కావలసిన పేపర్లు విడివిడిగా తీసుకోవడం. చౌక, ఉద్యోగంతో వీలు. మా అమ్మాయి చేసింది ఇదే. లోటు ఏమిటంటే సలహా చెప్పే అధికారి ఉండడు, అన్నీ మనమే చూసుకోవాలి. కమ్యూనిటీ కాలేజీలు ఇంకా చౌకే గానీ, అక్కడ చదివిన సైన్సు పేపర్లను కొన్ని మెడికల్ కాలేజీలు అంతగా మెచ్చవు. కనీసం ఆర్గానిక్ కెమిస్ట్రీ లాంటివైనా నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో తీసుకోవడం మేలు.

పేరున్న ప్రోగ్రాముల్లో లింకేజ్ అనే ఏర్పాటు ఉంటుంది. మామూలుగా పేపర్లన్నీ అయ్యాక దరఖాస్తు పెడితే, చేరేదాకా ఒక ఏడాది ఖాళీగా గడుస్తుంది. దాన్ని గ్లైడ్ ఇయర్ అంటారు. లింకేజ్ ఒప్పందం ఉన్న కాలేజీకి నిర్ణీత మార్కులతో వెళ్తే ఆ ఏడాది కలిసివస్తుంది. ముప్పై దాటినవాళ్లకు ఏడాది అంటే మాటలు కాదు. కాకపోతే లింకేజ్ ద్వారా వెళ్లేవాళ్లు, సీటు వస్తే అక్కడే చేరతామని ముందే మాట ఇవ్వాలి.

ఎంక్యాట్ పరీక్ష

మన నీట్ లాంటిదే గానీ నీట్ ఒక్కటే సీటు తేల్చినట్టు ఎంక్యాట్ తేల్చదు. నాలుగు భాగాలు. ఒక్కోదానికి 118 నుంచి 132 దాకా, మొత్తం 472 నుంచి 528 దాకా స్కోరు. మధ్యలో 500. మధ్య విరామాలతో కలిపి పరీక్ష ఏడున్నర గంటలు. ఎండీ కాలేజీల్లో చేరేవాళ్ల సగటు స్కోరు 511, 512 దగ్గర, సగటు జీపీఏ 4కు 3.8 దగ్గర ఉంటున్నాయి. ఏటా 50 వేల మందికి పైగా దరఖాస్తు పెడితే సుమారు 23 వేల మందికి సీటు దొరుకుతోంది. కష్టమైనదే, కానీ లాటరీ కాదు.

మూడు భాగాలు సైన్సు, మనస్తత్వశాస్త్రం. నాలుగోది చదివి అర్థం చేసుకునే భాగం. చరిత్ర, తత్వం, కళల మీద పేరాలిచ్చి ప్రశ్నలడుగుతారు. ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలకు ఎక్కువగా తడబాటు ఇక్కడే. దీనికి కోచింగు కంటే రోజూ మంచి వ్యాసాలు చదివే అలవాటే మందు.

ఈ పరీక్షను ఏడాదిలో మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితంలో ఏడుసార్లు మించి రాయనివ్వరు. రాసిన ప్రతిసారీ వచ్చిన స్కోరు కాలేజీలకు కనిపిస్తుంది. కాబట్టి "ఒకసారి రాసి చూద్దాం" అనే మన పద్ధతి ఇక్కడ పనికిరాదు. నమూనా పరీక్షల్లో కావలసిన స్కోరు నిలకడగా వచ్చాకే అసలు పరీక్షకు కూర్చోవాలి.

ఆసుపత్రిలో గడిపిన గంటలు

మాకు అన్నిటికంటే కొత్తగా అనిపించింది ఇది. మార్కులూ స్కోరూ ఎంత బాగున్నా, ఆసుపత్రిలో రోగుల దగ్గర కొంత కాలం గడపకుండా వస్తే అక్కడి కాలేజీలు సీటివ్వవు. డాక్టరు వెంట ఉండి పని చూడటాన్ని షాడోయింగ్ అంటారు. ఇది కాక రోగులతో నేరుగా మెలగే పని ఉండాలి. ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవ, డాక్టరు చెప్పేది నమోదు చేసే స్క్రైబ్ పని, అంబులెన్సులో ఈఎంటీ పని, చివరి రోజుల్లో ఉన్న రోగులకు తోడుండే హాస్పిస్ సేవ, ఇలాంటివి.

ఇది కాలేజీల కోసం కాదు, మన కోసమే అని నాకు తర్వాత అర్థమైంది. మా అమ్మాయికి ఈ ఆలోచన ఎలా వచ్చిందంటే, పక్కింటి తెలుగువాళ్ల అమ్మగారు ఇండియా నుంచి చూడ్డానికి వెళ్లి అక్కడ జబ్బుపడ్డారు. కొడుకు కోడలు ఆఫీసులో ఉంటే మా అమ్మాయి ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడకు ఇంగ్లిషు రాదు. "కడుపులో మంటగా ఉంది" అనడానికీ "కడుపు ఉబ్బరం" అనడానికీ తేడా డాక్టరుకు విడమరిచి చెప్పాక, మందు మారిందట. ఇంటికొచ్చి ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించానని చెప్పింది.

అయితే ఒక్క రోజు అనుభవంతో ఉద్యోగం మానుకోకూడదు కదా. అల్లుడు ఒక షరతు పెట్టాడు: ఆరు నెలలు ప్రతి శనివారం ఆసుపత్రిలో పనిచెయ్యి, అప్పటికీ ఇదే మాట అంటే నేను వెనక ఉంటాను. తను వెళ్లింది. తలుపుల దగ్గర చక్రాల కుర్చీలు తోసింది, పక్కగుడ్డలు మార్చింది, వృద్ధులకు అన్నం తినిపించింది. ఆరు నెలలు దాటాక కూడా శనివారాలు మానలేదు. అప్పుడు మాకూ నమ్మకం కుదిరింది. ఏ ఇంట్లోనైనా ఈ ప్రశ్న వస్తే, మొదట చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం. దీనికి ఖర్చు లేదు, రాజీనామా అక్కర్లేదు.

దరఖాస్తు ఏడాది

ఎండీ కాలేజీలకు ఏఎంసీఏఎస్, డీఓ కాలేజీలకు ఏఏసీఓఎంఏఎస్, టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలకు టీఎండీఎస్ఏఎస్ ద్వారా దరఖాస్తు పెట్టాలి. డీఓ అంటే ఆస్టియోపతిక్ మెడిసిన్. ఎండీలాగే పూర్తి స్థాయి డాక్టర్లు, అవే ఆసుపత్రుల్లో రెసిడెన్సీ చేస్తారు. మన కుటుంబాల్లో డీఓను చిన్నచూపు చూడటం ఉంది. అది సరికాదు. వేరే వృత్తి నుంచి వచ్చినవాళ్లను డీఓ కాలేజీలు బాగానే ఆదరిస్తాయి. టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీలు 90 శాతం సీట్లు ఆ రాష్ట్రంవాళ్లకే ఇవ్వాలి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. కరేబియన్ దీవుల కాలేజీల్లో సీటు సులువుగా వస్తుంది గానీ, తర్వాత రెసిడెన్సీ దొరకడం కష్టం. తొందరపడి అటు వెళ్లకూడదు.

దరఖాస్తు మే చివర, జూన్ మొదట్లో పంపాలి. జూలై, ఆగస్టుల్లో ఒక్కో కాలేజీ నుంచి అదనపు ప్రశ్నపత్రాలు వస్తాయి. సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూలు. చేరేది మరుసటి ఏడాది వేసవి చివర. సీట్లు వచ్చిన వరుసలో నింపుతారు కాబట్టి, గడువు నవంబరు దాకా ఉంది కదా అని సెప్టెంబరులో పెట్టేవాళ్లు నష్టపోతారు. ఇరవై కాలేజీలకు పెడితే ఫీజులకే సుమారు 3 వేల డాలర్లవుతుంది. సైన్సు అధ్యాపకులు ఇద్దరి నుంచైనా సిఫారసు ఉత్తరాలు కావాలి. రెండు వందల మంది కూర్చునే తరగతిలో అధ్యాపకుడికి మన పేరు తెలియాలంటే, మొదటి వారం నుంచే ఆయన ఆఫీసు గంటల్లో వెళ్లి కలుస్తూ ఉండాలి.

పర్సనల్ స్టేట్‌మెంటుకు 5,300 అక్షరాల చోటు. దీన్ని రాసేటప్పుడు మా అమ్మాయి మొదటి ప్రతిలో "చిన్నప్పటి నుంచీ నా కల" అని మొదలుపెట్టింది. నాకు చూపించింది. నేను బ్యాంకు మనిషిని, అప్పు ఫైళ్లు చదివినవాణ్ని. "ఈ మాట ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. నీకు ఈ పని తెలుసుననడానికి నువ్వు చూసిందేమిటో రాయి" అన్నాను. ఆ పెద్దావిడ కడుపు మంట సంగతితో మళ్లీ మొదలుపెట్టింది. వేరే వృత్తి నుంచి వచ్చేవాళ్లను రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు: మెడిసినే ఎందుకు, ఇప్పుడే ఎందుకు. పాత ఉద్యోగాన్ని తిట్టకుండా జవాబు చెప్పగలగాలి.

ఒక్క మాట మన బ్యాంకు భాషలో. కాగితాలు సరిగా లేని ఫైలును తొందరపడి పై ఆఫీసుకు పంపితే అది తిరిగొస్తుంది. తిరిగొచ్చిన ఫైలును రెండోసారి మరింత జాగ్రత్తగా చూస్తారు. ఇక్కడా అంతే. రెండోసారి దరఖాస్తు పెట్టొచ్చు, ఎందరో పెడతారు. కానీ మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఏం మారిందని అడుగుతారు. ఏడాది ఆగి పూర్తి ఫైలు పంపడమే మంచిది.

మూడో ప్రశ్న: డబ్బు

నాలుగేళ్ల మెడికల్ కాలేజీకి, ఫీజూ బతుకు ఖర్చూ కలిపి, సుమారు 3 నుంచి 4 లక్షల డాలర్లవుతుంది. సొంత రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీలో తక్కువ, ప్రైవేటులో ఎక్కువ. ఇది కాక పోస్ట్‌బాక్ ఖర్చు. ఇది కాక వదులుకున్న జీతం. ఆ తర్వాత రెసిడెన్సీలో ఏడాదికి 60 వేల డాలర్లకు పైన జీతం వస్తుంది. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్ అయితే రెసిడెన్సీ మూడేళ్లు, జనరల్ సర్జరీ ఐదేళ్లు, న్యూరోసర్జరీ ఏడేళ్లు. 31 ఏళ్లకు మొదలుపెడితే సొంతంగా డాక్టరుగా నిలబడేసరికి నలభై దాటుతాయి.

ఇటీవల ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. ఇంతకుముందు పౌరులూ గ్రీన్ కార్డు వాళ్లూ కాలేజీ చెప్పిన ఖర్చు మొత్తం మేరకు ఫెడరల్ అప్పు తెచ్చుకునేవాళ్లు. 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్ల దాకానే ఇస్తారు. మిగతాది ప్రైవేటు అప్పు, లేదా సొంత డబ్బు.

అప్పుడు నేను ఇక్కడి తల్లిదండ్రులందరూ చేసే పనే చేశాను. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు ఉంది కదా, పంపిస్తానన్నాను. సరళీకృత చెల్లింపుల పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపే వీలుంది, అడ్డమేమీ లేదు. మా ఆవిడ ఒప్పుకోలేదు, అమ్మాయీ ఒప్పుకోలేదు. "నాన్నా, అది మీరిద్దరూ ఎనభై ఏళ్ల దాకా బతకాల్సిన డబ్బు. నా నిర్ణయానికి మీరు హామీదారు కావద్దు" అంది. హామీ సంతకాలు పెట్టి ఇబ్బందిపడ్డవాళ్లను ఎందరినో చూసినవాణ్ని, ఆ మాట విని కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. చివరికి తేలిందేమిటంటే, పాప చూసుకోవడానికి వాళ్లమ్మ పరీక్షల ముందు కొన్ని నెలలు అక్కడుంటుంది. మా వాటా అది. డబ్బు వాళ్లు చూసుకుంటారు: పాత ఇంటి అప్పు తీర్చాకే చదువు అప్పు, రెండు జీతాల్లో ఒకటి రెండేళ్లుగా పొదుపులోకే.

పిల్లల చదువుకు రిటైర్మెంటు డబ్బు తీయాలనుకునే మిత్రులకు నేను చెప్పేది, ముందు మీ నెలసరి ఖర్చు, వైద్య ఖర్చు లెక్క కట్టి పక్కన పెట్టండి. మిగిలింది ఏదైనా ఉంటే అప్పుడు ఆలోచించండి.

ఇక్కడున్న పిల్లల సంగతి

మన దేశంలో ఇంత పెద్ద వంతెన లేదు గానీ, తలుపు మునుపటిలా మూసుకుని లేదు. నీట్ యూజీకి గరిష్ఠ వయోపరిమితిని జాతీయ వైద్య కమిషన్ 2022లో తీసేసింది. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లు కూడా గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసై నీట్ రాయవచ్చని 2023 నవంబరులో ప్రకటించింది. ఒడిశాలో స్టేట్ బ్యాంకు నుంచి రిటైరైన జయకిశోర్ ప్రధాన్ గారు 2020లో 64 ఏళ్ల వయసులో నీట్‌లో అర్హత సాధించి బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరిన సంగతి అప్పట్లో పత్రికల్లో చదివాం. అందరూ అలా చేయాలని కాదు. "ఈ వయసులోనా?" అనే మాట మనవాళ్ల నోట తగ్గాలని చెబుతున్నాను.

మా అమ్మాయి ఇంకా డాక్టరు కాలేదు, సీటూ రాలేదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ అయింది. ఇప్పుడు ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ నడుస్తున్నాయి. వచ్చే వసంతంలో ఎంక్యాట్, జూన్‌లో దరఖాస్తు. ఆ మొదటి సెమిస్టరు బి, బి మైనస్ ఎంత అడ్డమవుతాయో అప్పుడు తెలుస్తుంది. రాకపోతే ఏం చేస్తావని మొన్న అడిగాను. "ఇంకోసారి పెడతాను. అప్పటికీ రాకపోతే ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో చేరతాను. శనివారాలు మాత్రం ఎలాగూ అక్కడే ఉంటాను" అంది.

ఈసారి నేను వయసు మాట ఎత్తలేదు. ఫిజిక్స్ ల్యాబు ఎన్ని గంటలకని అడిగాను.